చుక్క జారని చెయ్యి

ఆ వీధిలో ఆయన్ని అందరూ భూతద్దం బాబాయి అంటారు. కుడికంటికి నల్లటి గొట్టంలాంటి భూతద్దం తగిలించుకుని, వాచీ కడుపులో ఏం జరుగుతోందో చూస్తూ ముప్పై ఎనిమిదేళ్లు గడిపేసిన మనిషి. ఎవరైనా దుకాణం ముందు నిలబడి పలకరిస్తే "ఊఁ" అంటాడు. నమస్కారం, కూర్చోండి, ఆగండి, రేపు రండి అన్నీ ఆ ఊఁ లోనే ఉంటాయి. అలవాటైనవాళ్లు ఏది ఏదో విడదీసుకుంటారు. అలవాటు లేనివాళ్లు కోపం తెచ్చుకుని వెళ్లిపోయి, ఊరంతా తిరిగి, మళ్లీ ఆయన దగ్గరికే వస్తారు. అలాంటి చెయ్యి ఊళ్లో మరొకటి లేదు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా ఆయనకే తెలుసు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

దుకాణం చిన్నది. ఎడమ సగంలో బాబాయి బల్ల, కుడి సగంలో అక్క కుట్టుమిషను. అక్క ఆయనకంటే ఆరేళ్లు పెద్దది. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. వచ్చిన వారంలోపే సగం దుకాణం ఖాళీ చేయించి మిషను పెట్టించుకుంది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది, చొక్కాలకు కాజాలు తీస్తుంది. "కూర్చుని తినడానికి రాలేదురా, కూర్చుని కుట్టడానికి వచ్చాను" అని ముందే చెప్పేసింది. బాబాయికి పెళ్లి కాలేదు. వాచీలతోనే అయిపోయిందని అక్క ఎత్తిపొడుస్తూ ఉంటుంది. ఆమె మాట్లాడుతూ కుడుతుంది, ఆయన మాట్లాడకుండా పనిచేస్తాడు. ఇద్దరి మధ్యా ఒక టేబుల్ ఫ్యాను, దాన్ని ఎవరివైపు తిప్పాలన్న పేచీ.

కొన్నాళ్లకు ఇద్దరికీ ఒకే బాధ మొదలైంది. సాయంత్రమయ్యేసరికి కళ్లల్లో ఇసుక పోసినట్లు గరగర, మంట. కంటి డాక్టరమ్మ చూసి, భయపడాల్సిందేమీ లేదు, కళ్లు పొడిబారాయి అంది. పనిలో పడితే ఇద్దరూ రెప్ప వేయడమే మరిచిపోతున్నారట. పైగా ఆ ఫ్యాను గాలి. ఫ్యాను ముఖానికి కొట్టకుండా తిప్పుకోండి, మధ్యమధ్యలో తలెత్తి దూరంగా చూడండి, రెప్పలు ఆడించండి, ఈ తడి చుక్కలు రోజుకు మూడు నాలుగుసార్లు వేసుకోండి అని చెప్పింది. చీటీలో రెండు సీసాలు రాసింది, తలకొకటి.

బాబాయి ఒకటే కొన్నాడు. "రోగం ఒకటే, మందు ఒకటే, సీసాలు రెండెందుకు?" అన్నాడు. పిసినారి అందామంటే కాదు, పది మందికి ఊరికే వాచీలు బాగుచేసి ఇచ్చిన మనిషే. వస్తువు వృథా కావడమంటే మాత్రం ఆయనకు ఒళ్లు మంట. మందుల షాపాయన తెలిసినవాడు కాబట్టి ఊరుకోలేక చెప్పాడు: "బాబాయ్, ఎవరి సీసా వాళ్లకే ఉండాలి. మూతి కంటికి తగలనివ్వకండి. తెరిచిన తేదీ సీసా మీద రాసుకోండి. నెల తిరగ్గానే, మిగిలినా సరే, పారేయండి."

"ఊఁ" అన్నాడు బాబాయి. నీ వ్యాపారం నాకు తెలుసులే అని ఆ ఊఁ కి అర్థం.

అక్కకు కంటిమీదికి ఏదైనా వస్తోందంటే భయం. చుక్క కనబడగానే రెప్ప బిగించేసేది. అది చెంప మీద, చెవి దగ్గర, మెడ మీద, ఒక్క కంట్లో తప్ప అన్నిచోట్లా పడేది. రెండు రోజులు చూసేసరికి బాబాయికి ప్రాణం విసిగింది. "ఇలా తే" అని సీసా లాక్కున్నాడు.

వాచీకి నూనె వేయడానికి ఒక పద్ధతి ఉంది. చుక్క పైనుంచి రాలకూడదు. రాలితే పాకుతుంది, పాకితే చక్రాలు అంటుకుపోతాయి. సన్నటి సూది మొన మీద నూనె తీసుకుని, ఇరుసు కూర్చునే గుంటకు ఆ మొన తాకించాలి. తాకితే చాలు, నూనె దానంతటదే లోపలికి దిగుతుంది. పని నేర్పిన గురువు చెవి మెలేసి మరీ నేర్పిన పాఠం అది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ చెయ్యి చేస్తున్న పని అదే. ఇంకో రకంగా చేయడం దానికి తెలియదు. అందుకని అక్క తల వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి, సీసా మూతిని కంటికి తేలిగ్గా తాకించి, ఉండీ లేనట్లు నొక్కాడు. చెంప తడవలేదు. మందు పడిందని అక్కకు తెలియను కూడా తెలియలేదు.

"అబ్బ! నీ చెయ్యి ఏం చెయ్యిరా!" అంది.

ఆ మాట నెత్తికెక్కింది. ఇక రోజూ పొద్దున్నే దుకాణం తెరవగానే తనకు, తర్వాత అక్కకు, అదే సీసా, అదే తాకుడు. డాక్టరమ్మ మూడు నాలుగుసార్లంటే ఈయన తన తెలివితో ఒకసారి అరచుక్క చాలన్నాడు. వేశాక మూతిని శుభ్రంగా తుడిచేవాడు కూడా. దేనితో అంటే, పట్టకారు తుడిచే గుడ్డతో. తుడిచి సొరుగులో, బ్రష్షుల పక్కన, వాచీలు కడిగే పెట్రోలు డబ్బా పక్కన పడుకోబెట్టేవాడు. చేతులు కడుక్కోవడమా? చేతులకేమైందని? గడియారం నూనె సీసా ఆయన దగ్గర మూడేళ్లు వచ్చేది. అదే వరసలో ఇదీ మూడో నెలలో పడింది. "చుక్క వృథా పోకపోతే సీసా ఎందుకు అయిపోతుంది?" అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

ఒక సోమవారం అక్క ఎడమకన్ను ఎర్రబడింది. నలక పడిందనుకుంది. కొట్టుకుపోతుందిలే అని బాబాయి అదే సీసాలోంచి ఇంకో రెండుసార్లు వేశాడు. మంగళవారానికి పోటు మొదలైంది. అప్పుడైనా డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాలా? లేదు. ఎప్పుడో తన కంటికి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ చుక్కలు బీరువాలోంచి తీసి అవీ వేశాడు, రెండు రోజులు. గురువారం పొద్దున అక్క సూదిలో దారం ఎక్కించబోయి ఆగిపోయింది. తువ్వాలు కంటికి అడ్డం పెట్టుకుని మిషను మీద తల వాల్చేసింది.

"ఒరేయ్, వెలుగు చూడలేకపోతున్నాను. ఈ కంటికి అంతా పొగలో ఉన్నట్టుందిరా."

బాబాయి వాచీలన్నీ బల్ల మీద అలాగే వదిలేసి, షట్టరు దించి, అక్క చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లాడు.

డాక్టరమ్మ కంట్లోకి సన్నటి వెలుగు వేసి చాలాసేపు చూసింది. నల్లగుడ్డు మీద పుండు పడింది అంది. కుర్చీ వెనక్కి జరిపి వరసగా అడిగింది: "కంట్లో ఏం వేస్తున్నారు? ఆ సీసా తెరిచి ఎన్నాళ్లయింది? ఇంకెవరైనా వాడుతున్నారా? ఎవరు వేస్తున్నారు?"

పక్కనే ఉన్న నర్సు బాబాయిని గుర్తుపట్టి, "మా నాన్నగారి వాచీ మీరే బాగుచేశారండి. ఎక్కడా కాదంటే మీరే చేశారు" అని నవ్వుతూ నిలబడింది. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద వాళ్ల వీధివాళ్లే ఇద్దరున్నారు.

బాబాయి తలుపు వైపు చూశాడు. "పోయిన వారమే తెరిచామండి" అన్నాడు. "తనొక్కతే వాడుతోంది. తనే వేసుకుంటుంది."

మూడు ముక్కలూ అబద్ధాలే. అక్క బాగున్న కంటితో తమ్ముడి వైపు తిరిగి చూసింది.

"ఏంటమ్మా ఇది?" అని డాక్టరమ్మ ఆమెను పట్టుకుంది. "మూతి కంటికి తగిలించి వేసుకుంటున్నారా? చేతులైనా కడుక్కుంటున్నారా? ఇంత పెద్దవారికి కూడా చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాలా?"

"తెలీలేదమ్మా" అంది అక్క. తల దించుకుంది.

బాబాయి గోడ గడియారం వైపు చూశాడు. అది రెండు నిమిషాలు వెనకపడి నడుస్తోంది. అక్క తిట్లు తింటున్నంతసేపూ ఆయన ఆ రెండు నిమిషాలనే చూస్తూ నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా నోరు తెరవలేదు. సిగ్గుపడటం వేరు, నోరు తెరవడం వేరు.

డాక్టరమ్మ పుండు మీద నుంచి కొంచెం గీకి పరీక్షకు పంపింది. అక్కను ఆసుపత్రిలోనే ఉంచి గంటగంటకూ మందు వేయాలంది. "వేరే చుక్కలు అప్పటికే వేసేశారు కాబట్టి కంట్లోంచి తీసినదాంట్లో క్రిమి బయటపడుతుందో లేదో చెప్పలేను. మీరు వాడిన సీసా రేపు పట్టుకురండి. అందులో ఏదైనా ఉంటే ఏ మందు వేయాలో అదే చెబుతుంది."

మర్నాడు బాబాయి పాత సీసా చేతిలోకి తీసుకుని చూశాడు. భూతద్దం అక్కర్లేకుండానే కనిపించింది, మూతి చుట్టూ సన్నగా పసుపుపచ్చ జిగురు. ఇంత దగ్గరగా చూసే మనిషి మూడు నెలలు దాన్ని చూడలేదు. చూసినా, తన చేతిలో ఉన్న వస్తువు మురికిగా ఉంటుందని అనుకోలేదు. దీన్ని ఆ నర్సు ముందు ఎలా పెట్టడం? సీసాను సొరుగు లోపలికంటా తోసేశాడు. తనను ఎవరూ ఎరగని వీధిలో ఉన్న మందుల షాపుకు వెళ్లి అదే పేరున్న కొత్త సీసా కొన్నాడు. మురుగుకాలవ పక్కన నిలబడి మూత తిప్పి, సగం మందు కాలవలోకి పిండేశాడు. సీసా మీది పేరుపై గోటితో నాలుగు గీతలు గీకాడు, వాడినట్లు కనబడాలని. పని పకడ్బందీగా చేశాడు. ఏ పనైనా ఆయన పకడ్బందీగానే చేస్తాడు.

ఆ సాయంత్రం వార్డులో అక్క పక్కన కూర్చుంటే ఆమె అడిగింది ఒక్కటే. "మిషను మీద గుడ్డ కప్పావా?"

"కప్పాను" అన్నాడు. అది మాత్రం నిజం.

శని, ఆదివారాలు గడిచాయి. పుండు తగ్గలేదు, అంచులు ఇంకాస్త జరిగాయి. అక్క నొప్పిని పళ్ల బిగువున భరించింది. సోమవారం పొద్దున డాక్టరమ్మ కాగితాలు చూసి బాబాయిని వార్డు బయటికి పిలిచింది.

"కంట్లోంచి తీసినదాంట్లో ఏమీ పెరగలేదు. మీ సీసా కూడా శుభ్రంగా ఉంది. అంటే చుక్కల వల్ల వచ్చింది కాదు. బట్టల దుమ్ములో పనిచేస్తారు కదా, బూజు రకమేమో అనిపిస్తోంది. మధ్యాహ్నం నుంచి మందు మార్చేస్తాను."

"మారిస్తే తగ్గుతుందాండీ?"

"నా అనుమానం నిజమైతే తగ్గుతుంది. కాకపోతే రోజులు పోతాయి. ఈ పుండుకి రోజులు పోతే కన్ను దక్కదు." ఆమె అలా చెప్పి రోగులను చూసే గదిలోకి వెళ్లిపోయింది.

బాబాయి వరండాలో నిలబడిపోయాడు. డాక్టరమ్మ తప్పు దారిలో వెళ్తోంది. ఆ దారిలోకి ఆమెను తోసింది తను. మధ్యాహ్నానికి ఇంకా మూడు గంటలుంది. ఇంత తెలిసీ ఆయన వెంటనే కదల్లేదని చెప్పుకోవాలి, ఎందుకంటే అది జరిగింది. మంచినీళ్ల కుళాయి దాకా వెళ్లి వచ్చాడు. మళ్లీ వెళ్లి వచ్చాడు. సొరుగులోని సీసాను తెచ్చి, ఇప్పుడే దొరికిందని చెబితే ఎలా ఉంటుందా అని కూడా ఆలోచించాడు. తన తెలివికి తనకే రోత పుట్టింది. అప్పుడు కదిలాడు.

గది నిండా జనం. డాక్టరమ్మ ఎవరి కన్నో చూస్తోంది. నర్సు చీటీలు సర్దుతోంది.

"ఆ సీసా అది కాదండి" అన్నాడు బాబాయి గుమ్మంలోంచే.

"ఏ సీసా?"

"నేను తెచ్చింది అక్కకి వాడింది కాదు. వాడింది దుకాణంలో ఉంది. తెరిచి మూడు నెలలైంది. ఇద్దరం వాడాం. తను వేసుకోలేదు, నేనే వేశాను. మూతి కంటికి ముట్టించి వేశాను. రోజూ."

నర్సు చేతిలో చీటీలు అలాగే ఉండిపోయాయి.

"మరి నాకు తెచ్చిచ్చింది?"

"కొన్నాను. సగం పారబోసి తెచ్చాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. తిడుతుందని బాబాయి కాచుకుని ఉన్నాడు. అందరి ముందూ నాలుగు తగిలిస్తే కొంతైనా తేలికపడేవాడు. ఆమె అదేమీ చేయలేదు. "పాతది ఎంతసేపట్లో తేగలరు?" అని మాత్రం అడిగింది. మోకాళ్ల నొప్పులున్న ఆ మనిషి ఆ రోజు ఎలా పరిగెత్తాడో వీధివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

డాక్టరమ్మ ఆయన కళ్లు కూడా చూసి, ఆయనకేమీ కాకపోవడం అదృష్టమంది. అక్క కంటి మీద సీసా మూతి గీరుకుని ఉంటుందని, అక్కడే క్రిమి పాగా వేసిందని వివరించింది. పాత సీసాను పరీక్షకు పంపి, ఆ మధ్యాహ్నం మందు మార్చాలనుకున్నది ఆపేసింది. రెండు రోజుల్లో సీసాలోని క్రిమి ఏదో తేలింది. దానికి సరిపడే మందు పడ్డాక పుండు ముందు ఆగింది, తర్వాత మెల్లగా మానడం మొదలుపెట్టింది.

అక్కకు సంగతంతా నర్సు చెప్పింది. బాబాయి వెళ్లి మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ మాట్లాడే మనిషి మౌనంగా ఉంటే మాట్లాడని మనిషికి ఊపిరాడదు.

"అక్కా, తప్పయిపోయింది" అన్నాడు.

"ముట్టించి వేసినందుకు నాకేం కోపం లేదురా" అంది అక్క. "నీకు తెలీదు, నాకూ తెలీదు. నేనే వేసుకున్నానని చెప్పక్కా అని నువ్వు అడిగుంటే, అదీ చెప్పేదాన్ని. నలుగురిలో నీ తల వంచుతానా? అడక్కుండా నా మీదికి తోసేశావు. సరే, అదీ పడ్డాను. మరి కన్ను పోతోందని తెలిసీ దొంగ సీసా ఎలా తెచ్చావురా? నా కన్నుకంటే నీ చెయ్యి ముద్దొచ్చిందా?"

అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

మూడు వారాలకు ఇంటికి పంపించారు. కన్ను దక్కింది గానీ నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మిగిలింది. ఆ కంటికి వెలుగు తెలుస్తుంది, రంగులు తెలుస్తాయి, దారం మాత్రం కనబడదు. బయల్దేరే ముందు నర్సు ఇద్దరినీ కూర్చోబెట్టి తడి చుక్కలు వేసుకునే పద్ధతి చూపించింది. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పైకి చూస్తూ కింది రెప్పను సంచిలా లాగాలి. సీసా కంటికి, రెప్ప వెంట్రుకలకు తగలకుండా ఎత్తున పట్టుకుని ఒక్క చుక్క వదలాలి. కన్ను మూసి, ముక్కు పక్క మూల మీద వేలితో ఒక నిమిషం అదిమి ఉంచాలి. ఇంకో మందు వేయాల్సి ఉంటే పది నిమిషాలు ఆగాలి. "నొప్పి వచ్చినా, ఎర్రబడినా, చూపు మసకేసినా సొంత వైద్యం వద్దు. వెంటనే రండి" అంది. ఇద్దరికీ చెరో సీసా ఇచ్చి, వాటి మీద తేదీ తనే రాసింది. "ఏదీ, మీరొకసారి వేసి చూపించండి" అంది బాబాయితో.

బాబాయి చేతులు కడుక్కుని వచ్చాడు. సీసా ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. ఆపుదామన్నా ఆగలేదు.

"నాకివ్వు" అంది అక్క. తనే తల వెనక్కి వాల్చి రెప్ప లాగింది. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది ముక్కు మీద. మూడోది కంట్లో పడింది. తమ్ముడి వైపు చూడకుండా మూత బిగించి సంచిలో వేసుకుంది.

దుకాణం మళ్లీ తెరిచారు. అక్క ఒక కంటితోనే కుట్టడం అలవాటు చేసుకుంటోంది. కాజాలు వదిలేసి పొడుగు కుట్లు మాత్రం ఒప్పుకుంటోంది. వచ్చినవాళ్లు ఆ మచ్చ చూసి అడక్కుండా ఉండరు. "ఏం చెప్పను, చుక్కలు వేసుకోవడం చేతకాక నేనే పాడుచేసుకున్నాను" అంటుంది అక్క నవ్వుతూ. ఆ మాట విన్నప్పుడల్లా బాబాయికి భూతద్దంలో ఏమీ కనబడదు. అయినా పని చేస్తున్నట్లు వంగి కూర్చుంటాడు. ఐదు రోజులు అలాగే కూర్చున్నాడు.

ఆరో రోజు బడి మాస్టారు వాచీ కోసం వచ్చి, "కంటికేమైందమ్మా?" అని అడిగాడు. అక్క ఎప్పటిలాగే చెప్పబోయింది.

"తను కాదు మాస్టారూ, నేను పాడుచేశాను" అన్నాడు బాబాయి. సీసా సంగతి, డాక్టరమ్మకు చెప్పిన అబద్ధం, కాలవ పక్కన పిండేసిన మందు, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. మాస్టారు ఎటు చూడాలో తెలియక చేతిలోని వాచీనే చూశాడు. "ఏదో, గ్రహపాటు" అని గొణిగి వెళ్లిపోయాడు.

మిషను ఆగింది.

"ఎందుకు చెప్పావు? నా చూపు తిరిగొస్తుందా?"

"రాదు. నీ మీద పడ్డ మాటైనా పోవాలి కదా."

అక్క ఒడిలోని బట్ట మడిచి పక్కన పెట్టింది. "అయితే మాస్టారొక్కడికే చెబితే ఎలారా? నేనే చేసుకున్నానని నాతో పదకొండు మందికి చెప్పించావు, అడిగినవాళ్లందరికీ. ఈ ఐదు రోజుల్లోనూ లెక్కపెట్టాను."

బాబాయి ఆమె వైపు చూశాడు. ఆమె తమాషాకు అనడం లేదు. నవ్వుతూ చెబుతోందనుకున్న ప్రతిసారీ ఆమె మనసులో ఒకటి, రెండు, మూడు అని దాచుకుందన్నమాట.

"ఎవరెవరు?" అని అడిగాడు.

ఆమె ఒక్కొక్కరినీ చెప్పింది. బాబాయి లేచి చెప్పులు వేసుకున్నాడు. ఎదురుగా సైకిళ్లు బాగుచేసేవాడి దగ్గర మొదలుపెట్టాడు. అతను చక్రం తిప్పడం ఆపి, నోరు తెరిచి, మొత్తం విన్నాడు. విన్నాక మళ్లీ చక్రం తిప్పుకున్నాడు. బాబాయి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఎండలోనే నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే అక్క దుకాణం గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఇంకా పది మంది ఉన్నారు.